మునిరామయ్య చెబితేనే రైట్

చిత్తూరు నుంచి తిరుపతికి బొగ్గు బస్సులు నడిచిన కాలంలో ఆ దారి పొడవునా మునిరామయ్యను ఎరగనివాళ్ళు ఉన్నారంటే, వాళ్ళు ఆ సీమకు కొత్తగా వచ్చినవాళ్ళన్నా అయి ఉండాలి, పుట్టు చెవిటివాళ్ళన్నా అయి ఉండాలి. ఆయన తాసీల్దారు కాదు, ప్లీడరు కాదు. ధనంజయ నాయుడి బస్సులో కండక్టరు. కాకీ చొక్కా, భుజాన తోలు సంచి, చెవి మీద పెన్సిలు, బస్సు మెట్టు మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు ఒక్కటే మాట. ఆ మాట రైట్. దాంతోనే పెళ్ళాం బిడ్డలను సాకాడు, పేరు తెచ్చుకున్నాడు, కాస్త పొగరు కూడా సంపాదించుకున్నాడు.

ఆ పొగరు ఆయనకు నప్పింది. పని తెలిసినవాడు కాస్త మీసం తిప్పితే చూడడానికి బాగానే ఉంటుంది. పని రానివాడు చేతులు నలుపుకుంటూ నిలబడితేనే ఒళ్ళు మండుతుంది. మునిరామయ్య చేతులు నలిపిన మనిషి కాదు.

పుట్టింది పూతలపట్టు పక్కన చిన్న పల్లెలో. తండ్రి శెనక్కాయ చేను చేసుకునే మనిషి. చదువు మూడో తరగతిలోనే ముగిసింది. మీసం మొలిచే వయసుకు చిత్తూరు బెల్లం మండీలో పాట పాడే పనికి కుదిరాడు. పాటంటే సంగీతం అనుకునేరు, వేలంపాట. బెల్లం దిమ్మెల మీద నిలబడి ధర పలికితే ఊరి బయట మురకంబట్టు దాకా వినబడేదని చెప్పుకునేవాళ్ళు. అందులో సగం అబద్ధమే అయినా తక్కిన సగం చాలు.

యుద్ధం మొదలైన ఏడాది ధనంజయ నాయుడు మండీకి వచ్చి ఆ గొంతు విన్నాడు. నాయుడికి మామిడి తోటలున్నాయి, ఒక బస్సు ఉంది, ఆ బస్సంటే కన్నబిడ్డ కంటే ఎక్కువ ప్రేమ ఉంది.

"ఈ గొంతు బెల్లానికి ఏమిటికబ్బా? నా బస్సుకు ఇయ్యి" అన్నాడు.

మునిరామయ్య ఆ రోజే దిమ్మెల మీదనుంచి దిగి బస్సెక్కాడు.

డ్రైవరు దొరస్వామి గుడియాత్తం మనిషి. పెద్దవాడు, నోటినిండా ఆకూవక్కా, ఎడమ చెవి కొంచెం మందం. మొదటి రోజే కండక్టరు పని నేర్పించాడు.

"టిక్కెట్లు కొట్టేది ఎవుడైనా కొడతాడు మునిరామప్పా. నాకు ఎనక ఏముండాదో కనపడదు. ఎక్కేవాళ్ళు ఎక్కినారా, దిగేవాళ్ళు దిగినారా, చక్రం కింద కోడిపిల్ల దూరిందా, బండి సుట్టూ ఒక తూరి తిరిగి సూడు. సూసినాక రైట్ అను. నువ్వు అన్నాక నేను ఎనక్కి తిరిగి సూడను."

"ఆపల్లంటే ఏమనేది?"

"నీ ఇష్టం."

"అయితే ఆపేదానికి మన తెలుగే సాలు. కదిలేదానికే ఇంగ్లీషు" అన్నాడు మునిరామయ్య. అప్పటినుంచి ఆపడానికి 'నిలుపప్పా' అనీ, కదలడానికి 'రై...ట్' అనీ సాగదీసి అనేవాడు. మొదట్లో లోపల మొదలై, మధ్యలో ఎత్తు ఎక్కి, చివర్లో తలుపు మూసినట్టు టక్కున తెగిపోయే కేక అది. ఆ కేక వినబడితే దారిన పోయే ఎద్దులబండి వాళ్ళు కూడా పక్కకు తప్పుకునేవాళ్ళు.

తర్వాత పెట్రోలు కరువొచ్చింది. యుద్ధం పెట్రోలంతా తాగేసింది. నాయుడు బస్సు వెనక పీపా అంత ఇనుప పొయ్యి బిగించాడు. దాన్ని గ్యాసు ప్లాంటు అనేవాళ్ళు. అందులో కట్టెబొగ్గు పోసి, నిప్పు రాజేసి, చేతిచక్రం గిరగిరా తిప్పి గాలి కొడితే గ్యాసు పుట్టి ఇంజను పలికేది. తెల్లవారక ముందే వచ్చి ఆ చక్రం తిప్పే పని మునిరామయ్యదే. బస్సు బయలుదేరేసరికి ఆయన ముఖం వంటింటి గోడలా ఉండేది. పొగంతా ఆయన గొంతులోకే. అయినా ఆ కేకలో ఏ మార్పూ రాలేదు.

వింతేమిటంటే, ఆ మాట బస్సులో ఆగలేదు. మెల్లగా ఊళ్ళల్లో దిగింది. పూతలపట్టు సంతలో గొర్రెల బేరం కుదిరితే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకున్నవాళ్ళు రైట్ అని చెయ్యి వదిలేవాళ్ళు. కపిల తోలేవాళ్ళు బావిలో బాన నిండగానే ఎద్దులను రైట్ అని అదిలించేవాళ్ళు, ఎద్దులు కూడా అర్థమైనట్టే కదిలేవి. పెళ్ళి మాటలు ముగిసే చోట పెద్దమనుషులు 'అయితే రైటేనా' అని తాంబూలాలు చేతికందుకునేవాళ్ళు. మంత్రసాని తలుపు తీసుకుని బయటికి వచ్చి 'రైట్, మొగబిడ్డ' అనేది. చిత్తూరు కోర్టు ముందర దావా గెలిచినవాడు 'మాది రైటయింది' అని మీసం దువ్వేవాడు. అత్తగారింట్లో తిష్ట వేసిన అల్లుడి గురించి 'ఆయప్పకు రైట్ చెప్పేదెప్పుడో' అని బావమరుదులు గొణుక్కునేవాళ్ళు.

ఒకరోజు పాకాలలో ఎక్కిన ముసలామె పక్కనామెతో, "మా పెదనాయన తెల్లారిజామున రైట్ అయిపోయినాడు పాపా" అంది. మునిరామయ్య టిక్కెట్టు చించబోయి ఆగిపోయాడు. తన మాట అంత దూరం పోయి ఉంటుందని ఆయన అనుకోలేదు. కాసేపు గుబులుగా ఉన్నాడు. తర్వాత తేరుకుని, "పోనీలే అవ్వా, పెద్దాయన సీటు కోసం తోసుకోకుండా పోయినాడు" అన్నాడు. ముసలామె ఏడుపు మధ్యలోనే నవ్వింది.

చంద్రగిరి బోర్డు స్కూలు ఉపాధ్యాయుడు జయరావు వారానికోసారి ఆ బస్సులోనే వచ్చేవాడు. ఆయన ఇంగ్లీషు చదివిన మనిషి. మునిరామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట గుట్టు విప్పడం మొదలుపెట్టాడు. రైట్ అంటే కుడి అన్నాడు. సరి అన్నాడు. నిటారుగా నిలబడిన గీత చేసే కోణాన్ని కూడా లెక్కల్లో అదే మాటతో చెబుతారన్నాడు. న్యాయం అన్నాడు. చివరికి హక్కు అన్నాడు.

"దేశమంతా ఇప్పుడు అడుగుతా ఉండేది దాన్నే మునిరామయ్యా."

మునిరామయ్య అన్నీ శ్రద్ధగా విన్నాడు. "ఒక మాటతో ఇన్ని పనులు చేయిస్తా ఉండారే అయ్యవారూ, ఆ దొరలకు మాటలు అంత కరువా?" అన్నాడు. జయరావు నవ్వి తల ఊపాడు. "అయినా సరే, టిక్కెట్టు తీసుకొన్నోడికి సీటు రైటు. అది ఈ బస్సులో ఎప్పటినుంచో ఉండేదే" అని మునిరామయ్య సంచి సర్దుకుని లేచి, ఒక జబర్దస్తీ మనిషిని లేపి టిక్కెట్టున్న మనిషిని కూర్చోబెట్టాడు.

అలాంటి గొంతు నలభై నాలుగో సంవత్సరం వేసవిలో పోయింది.

పోవడం ఒక్కసారిగా పోలేదు. మొదట బొంగురు పోయింది. మిరియాల కషాయం తాగాడు. తర్వాత కేక మధ్యలో చీలడం మొదలుపెట్టింది. ఒకరోజు ఉదయం చంద్రగిరిలో నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. జనం ఎక్కారు, దొరస్వామి ఎదురుచూస్తున్నాడు, మునిరామయ్య మెట్టు మీద నిలబడి నోరు తెరిచి మూశాడు. ఎవరో కుర్రవాడు వేళాకోళానికి రైట్ అని అరిస్తే బస్సు కదిలింది. ఆ రోజు తిరుపతి చేరేదాకా ఆయన ఎవరి ముఖమూ చూడలేదు.

చిత్తూరులో కాంపౌండరు శాంతయ్య గొంతులోకి దీపం చూపించి చూశాడు. శాంతయ్య నెమ్మదస్తుడు, ఆదివారం చర్చిలో పాట పాడతాడు, గొంతు విలువ తెలిసినవాడు.

"పొగ ఒక పక్క, అరుపు ఒక పక్క. లోపల పుండు పడుండాది. మామిడి కాలం అయిపొయ్యేదాకా నోరు తెరవగూడదు. గుసగుస కూడా వద్దు" అన్నాడు.

"అట్ట ఉంటే వస్తాదా గొంతు?" అని అడిగింది మునిరామయ్య భార్య తిరుమలమ్మ.

"రావచ్చు. ముందు మాదిరి రాకపోవచ్చు. మాట్లాడితే మాత్రం ఉండేది కూడా పోతాది."

ఈ సంగతి నాయుడి చెవిన పడింది. నాయుడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు, మంచివాడితోనే తంటా. ఆయన కబురు పంపాడు: జీతం ఏమీ తగ్గదు, మునిరామయ్య ఇక షెడ్డులో కూర్చుని బొగ్గు జల్లెడ పట్టించాలి, బస్సులోకి తన బావమరిది బాలసుబ్రమణ్యం వస్తాడు, వాడికి గొంతుంది, నాలుగు ఇంగ్లీషు మాటలు కూడా వచ్చు.

ఆ కబురు విని మునిరామయ్య నట్టింట్లో చతికిలబడ్డాడు. జీతం గురించి ఆయనకు బెంగ లేదు. బెంగంతా ఆ మెట్టు గురించే. ఆ మెట్టు మీద ఉన్నంతసేపే ఆయన మునిరామయ్య. అక్కడనుంచి దిగితే ఊళ్ళో ఉన్న పదిమంది మునిరామయ్యల్లో ఒకడు. ఇంతకాలం నిప్పు రాజేసి, చక్రం తిప్పి, పొగ మింగి, జనాన్ని ఎక్కించి దించి, ఇప్పుడు షెడ్డులో బొగ్గు మధ్య కూర్చుని ఇంకొకడు అరిచే రైట్ వింటూ బతకాలా? గట్టిగా అరవాలనిపించింది. కానీ నోరు తెరవకూడదు. చేత్తో గోడను ఒక్క చరుపు చరిచాడు.

పొయ్యి దగ్గరున్న తిరుమలమ్మ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. ఆయన తన చేతి వైపు చూసుకున్నాడు. మళ్ళీ గోడను చరిచాడు, ఈసారి రెండుసార్లు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది.

"ఏమయ్యా, పిచ్చిగాని పట్టిందా?" అంది ఆమె. ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకుని, ఆమెను రమ్మని సైగ చేశాడు.

ఇద్దరూ నాయుడి ఇంటికి వెళ్ళారు. నాయుడు వసారాలో మామిడికాయలు రకాలు వేరు చేయిస్తున్నాడు. మునిరామయ్య అరచేత్తో గాలిలో చరిచి చూపించాడు, వేలితో మెట్టు చూపించాడు, తన కళ్ళు చూపించాడు. నాయుడికి ఏమీ అర్థం కాలేదు.

"మా ఇంటాయన ఏమంటాడంటే మొదలాళీ" అంది తిరుమలమ్మ, "నోరు లేకుంటే చెయ్యి లేదా అంటా ఉండాడు. బండి రేకు మీద రెండు తూర్లు తట్టితే పోవాల, ఒక తూరి తట్టితే నిలవాల. గొంతుకు బదులు చెయ్యి. అంతే."

మునిరామయ్య తల ఊపాడు.

"ఇన్నేండ్లుగా నీ బొగ్గు పొగ మింగి గొంతు పోగొట్టుకొన్న మనిషిని మళ్ళా బొగ్గులోనే కూసోబెట్టేది ఏం న్యాయం అని కూడా అంటా ఉండాడు" అంది తిరుమలమ్మ.

ఆ మాట మునిరామయ్య అనలేదు. ఆయన కంగారుగా చెయ్యి అడ్డం ఊపాడు. ఆమె ఆ చెయ్యిని పక్కకు నెట్టేసింది. నాయుడు చేతిలోని మామిడికాయను గంపలో పెట్టాడు.

"సరేమ్మా. రేపు నాకు తిరుపతిలో పనుండాది. బస్సులోనే వస్తా. మా బావమరిది బాలుడు కూడా వస్తాడు. నీ మొగుడు తట్టి నడిపిస్తాడో లేదో సూస్తా. జరిగితే సరి. జరక్కపోతే ఎల్లుండి షెడ్డుకు రావాల. మళ్ళా నా దగ్గరికి వచ్చి పంచాయితీ పెట్టగూడదు."

దానికి మాత్రం మునిరామయ్య తానే గట్టిగా తల ఊపాడు.

మరునాడు ఉదయం చక్రం తిప్పి నిప్పు రాజేశాక దొరస్వామికి తట్టి చూపించాడు. దొరస్వామి వక్క నములుతూ తన సీటులో కూర్చుని విని, "వినపడతా ఉండాది. గట్టిగా తట్టు, నా ఎడమ చెవి సంగతి నీకు తెలుసు గదా" అన్నాడు. అంతకంటే ఆయన ఏమీ అడగలేదు.

నాయుడు ముందు సీటులో, దొరస్వామి పక్కన కూర్చున్నాడు. బాలసుబ్రమణ్యం ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. కుర్రవాడు మంచివాడే, బావ తెచ్చిపెట్టాడు కాబట్టి వచ్చాడు. మునిరామయ్యకు నమస్కారం కూడా పెట్టాడు. ఆ నమస్కారమే మునిరామయ్యకు మింగుడుపడలేదు. తిట్టుకోవడానికి కూడా వీలివ్వని మనిషిని ఏం చేయగలం?

జనం ఎక్కారు. మునిరామయ్య బస్సు చుట్టూ తిరిగి, వంగి చూసి, మెట్టెక్కి రేకు మీద టపటపమని రెండు చరిచాడు. బస్సు కదిలింది. ఆయనకు ఊపిరి ఆడింది.

టిక్కెట్ల దగ్గర తమాషా జరిగింది. ఏ ఊరని అడగడానికి ఆయన గడ్డం ఎగరేస్తుంటే, గుండు మొక్కున్న ముసలాయన ఒకడు చేతులు జోడించి, "కొండకు మౌనవ్రతమా సామీ?" అన్నాడు. మునిరామయ్య అవునూ కాదూ అనకుండా పైకి చూశాడు. అంతే, బస్సంతా పాకింది. కండక్టరు కొండదేవుడికి మౌనం పట్టాడని ఆడవాళ్ళు బిడ్డలను ఆయన ముందుకు తోసి తల మీద చెయ్యి పెట్టించుకున్నారు. ఎప్పుడూ సీటు కోసం జగడమాడేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు. మునిరామయ్యకు లోపల నవ్వు పొంగుతున్నా ముఖం గంభీరంగా పెట్టి టిక్కెట్లు చించాడు.

పూతలపట్టు దగ్గర కథ అడ్డం తిరిగింది. ఆ రోజు సంత. గొర్రెలు అరుస్తున్నాయి, మామిడి గంపలు పైకెత్తేవాళ్ళు అరుస్తున్నారు, వాళ్ళను తిట్టేవాళ్ళు ఇంకా గట్టిగా అరుస్తున్నారు. మునిరామయ్య రేకు తట్టాడు. బస్సు కదల్లేదు. మళ్ళీ తట్టాడు. ఆ గోలలో దొరస్వామికి ఏమీ వినబడలేదు. మూడోసారి అరచెయ్యి ఎర్రబడేలా చరిచాడు.

"ఏమిరా ఈ నస? టయిము పోతా ఉండాది" అన్నాడు నాయుడు విసుగ్గా. "బాలా, నువ్వు అను."

"రైట్" అని గట్టిగా అన్నాడు బాలసుబ్రమణ్యం.

బస్సు కదిలింది. కిందనే ఉన్న మునిరామయ్య పరుగెత్తి కమ్మీ పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. ఇంకొకరి మాటకు తన బస్సు ఇంత సులువుగా కదులుతుందా అనిపించింది. ఆ కుర్రవాడి కేకలో సాగతీత లేదు, విరుపు లేదు, ఉత్త మాట. అయినా ఇంజనుకు అదే చాలింది. మునిరామయ్యకు గొంతులోని పుండుకంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది. నాయుడు వెనక్కి తిరిగి చూడకపోయినా ఆయన మెడ వాలకాన్ని బట్టే షెడ్డు ఖాయమని తెలిసిపోయింది.

పాకాలలో బస్సు రైలు స్టేషను సందులోకి పోవాలి. రైలు దిగినవాళ్ళను ఎక్కించుకున్నాక తిరగడానికి చోటుండదు, వెనక్కే నడుపుకుంటూ పెద్దబాటకు రావాలి. అక్కడే గ్యాసు పొయ్యి అడుగు తలుపు తీసి, ఇనుప చువ్వతో కెలికి, బూడిదా సగం కాలిన బొగ్గులూ కిందికి లాగాలి. ఆ బొగ్గుల కోసం సందులో ఆడవాళ్ళు గంపలు పట్టుకుని కాచుకుని ఉంటారు. నీళ్ళు చిలకరించి చల్లార్చుకుని పొయ్యిల్లోకి తీసుకుపోతారు. సందు మొగలో దోసెలు పోసే చెంగమ్మ పొయ్యి నడిచేదే ధనంజయ నాయుడి బస్సు బొగ్గుతో. ఆ సంగతి నాయుడికి తెలియదు. బస్సు ఓనరు బస్సు వెనకకు ఎందుకు పోతాడు?

ఆ రోజూ మునిరామయ్య కెలికి బూడిద లాగాడు. ఆడవాళ్ళు ఏరుకుని పోయారు. రైల్లోంచి దిగిన కుటుంబం ఒకటి పెద్ద ట్రంకు పెట్టె తెస్తే, దాన్ని వెనక నిచ్చెన మీదుగా పైకెక్కించి కట్టి ఆయన కిందికి దిగుతున్నాడు. ముందర తలుపు దగ్గర బాలసుబ్రమణ్యం ఎక్కేవాళ్ళందరినీ ఎక్కించాడు. సందులో ముందు వైపు ఎవరూ లేరని చూసుకున్నాడు.

"అయిందా? అయితే పోనీ" అన్నాడు నాయుడు.

"రైట్" అన్నాడు బాలసుబ్రమణ్యం.

బస్సు వెనక్కి కదిలింది. అప్పుడే నిచ్చెన దిగి నేల మీద కాలు పెట్టిన మునిరామయ్యకు వెనక చక్రం పక్కన నీలం చీర కనబడింది. చెంగమ్మ. మిగిలిపోయిన నాలుగు బొగ్గుల కోసం తిరిగొచ్చి, చక్రానికి వీపు పెట్టి, గొంతుక్కూర్చుని ఏరుకుంటోంది. బస్సు ఆగినా ఇంజను ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది కాబట్టి ఆమెకు ఆ చప్పుడు లెక్కలోకి రాలేదు.

మునిరామయ్య నోరు తెరిచాడు. మండీలో దిమ్మెల మీద నిలబడి ఊరంతా వినిపించిన నోరు. గాలి వచ్చింది. నిలుపప్పా అన్న మాట నాలుక మీద ఉంది, దానికి చప్పుడు లేదు. జీవితంలో అంత భయం ఆయన ఎరగడు. రేకు దాకా పోవాలంటే బస్సు పక్కకు తిరిగి రావాలి. అంత వ్యవధి లేదు. చేతికి అందేది ఒక్కటే ఉంది, నిప్పుల మీద కాగుతున్న ఇనుప పొయ్యి. ఆలోచించలేదు. కుడి అరచెయ్యి మొత్తం పరిచి దాని మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఖాళీ గంగాళం మీద రోకలి పడ్డట్టు మోగింది. ఒక్క దెబ్బ. దొరస్వామి కాలు బ్రేకు మీద పడింది. బస్సు ముందుకూ వెనక్కూ ఊగి నిలిచింది. లోపల జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

చెంగమ్మ కొంగు చక్రం కింద ఉంది. చెంగమ్మ చక్రం కింద లేదు. ఆమె కొంగు లాక్కోబోయి, అది రాక, ఇటు తిరిగి, అప్పుడు చూసింది చక్రం ఎక్కడుందో. బొగ్గుల గంప చేతిలోంచి జారిపోయింది.

"కండ్లు యాడ పెట్టుకొని తోలతా ఉండారప్పా" అంది. గట్టిగా అనలేదు, అనడానికి ఓపిక లేదు.

అందరూ దిగారు. నాయుడు వెనక్కి వచ్చాడు. బస్సు కొన్న నాటినుంచి ఆ వైపు నిలబడి చూడడం అదే మొదలు కావచ్చు. కొంగును, చక్రాన్ని, చెంగమ్మను చూశాడు. బాలసుబ్రమణ్యం ముఖంలో నెత్తురు లేదు.

"ముందర సూసినానన్నా. ఎనక సూడలేదు" అన్నాడు మునిరామయ్యతో. బావ వైపు చూడలేదు. మునిరామయ్య ఎడమ చేత్తో వాడి భుజం తట్టాడు. కుడి చెయ్యి ఎత్తలేకపోయాడు.

చెంగమ్మ ఆ చెయ్యి చూసింది. అరచెయ్యి మొత్తం ఉడికి తెల్లగా పొంగుతోంది. ఆమె మారు మాట్లాడకుండా చిరిగిన కొంగు విడిపించుకుని సందు మొగకు పరుగెత్తింది. దోసెపిండి తపేలాతోనే తిరిగొచ్చింది. మునిరామయ్యను అరుగు మీద కూర్చోబెట్టి, చల్లని పిండి దోసిటితో తీసి అరచేతికి పట్టించింది.  మునిరామయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంట వల్లనే అని అందరూ అనుకున్నారు. మంట కొంచెమే. చెంగమ్మ బతికి తన ముందు కూర్చుందన్నదే ఎక్కువ.

"ఇంక బయలుదేరదాం" అన్నాడు నాయుడు మెల్లగా. జనం ఎక్కి కూర్చున్నారు. బాలసుబ్రమణ్యం తలుపు దగ్గర నిలబడ్డాడు గానీ నోరు తెరవలేదు. నాయుడు కాసేపు చూసి, తానే "రైట్" అన్నాడు.

ఇంజను మోగుతూనే ఉంది. బస్సు కదల్లేదు.

దొరస్వామి చేతులు స్టీరింగు చక్రం మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మొదలాళీ, బండి మీది. నేను మీ ఉప్పు తినేవాణ్ణి. కోపం చేసుకోవద్దు. అరుపు నాకు ఎవురైనా అరస్తారు. పూతలపట్టులో విని కదిలినాను, ఇందాకా విని కదిలినాను. ఇంక ఈ బండిని ఆయప్ప తట్టితేనే ఎత్తుతా" అన్నాడు.

   తన బస్సులో తన మాట చెల్లకపోవడం నాయుడికి అదే మొదటిసారి. డ్రైవరును దించేయవచ్చు, బావమరిదిని ఇంకోసారి అరవమనవచ్చు, కడకు తానే దిగి జట్కాలో పోవచ్చు. అవేవీ చేయలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, అరుగు మీద కూర్చున్న కండక్టరు వైపు తిరిగాడు.

"మునిరామయ్యా" అన్నాడు. "ఎనక సూసినావా?"

మునిరామయ్య లేచాడు. దోసెపిండి చెయ్యిని ఛాతీకి ఆనించుకుని బస్సు చుట్టూ తిరిగాడు. వెనక చక్రాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కిందికి వంగి చూశాడు. పొయ్యి తలుపు చూశాడు. పెద్దబాట దాకా సందు మొత్తం చూశాడు. చెంగమ్మ అరుగు మీదే ఉందని ఇంకోసారి చూసుకున్నాడు. మెట్టెక్కి, నాయుడి వైపు తల ఊపాడు.

ఎడమ చేత్తో రేకు మీద రెండు చరిచాడు. దొరస్వామి వెనక్కి తిరిగి చూడకుండా బస్సు ఎత్తాడు.